ఏడాది ఫ్రీ వద్దు బాబూ, రేటెంతో చెప్పండి

ఆఫీసు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల పెద్దలకు, అందులోనూ మా విశాఖలో కొత్తగా బోర్డులు కడుతున్నవారికి,

నమస్కారం. మహారాణిపేటలో కలెక్టరాఫీసుకి దగ్గర్లో నాకొక చిన్న షాపు ఉంది. బోర్డు మీద టైపింగ్, డీటీపీ, జిరాక్స్, లామినేషన్ అని ఉంటుంది. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, నేను, నా మేనల్లుడు, పనిలో ఒక అమ్మాయి. ఓ మూల గుడ్డ కప్పి ఒక పాత రెమింగ్టన్ టైపు మిషను కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

పోయిన నెల ఒక కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు. మీలో ఒక కంపెనీ తరఫున వచ్చాడు. ఏ కంపెనీయో ఇక్కడ చెప్పను, ఆ పిల్లవాడి ఉద్యోగం మీదకి తేవడం నాకిష్టం లేదు. "అంకుల్, మీలాంటి చిన్న షాపులకి మా ఆఫీస్ ప్యాకేజీ మొత్తం ఏడాది ఫ్రీ. టైపింగ్, షీట్లు, మెయిలు, స్టోరేజి అన్నీ. ఫోన్ నంబరు చెప్తే ఐదు నిమిషాల్లో ఆన్ చేసేస్తా" అన్నాడు.

"ఏడాది తర్వాతో?" అన్నాను.

"అప్పటికి ఏదో ఒక ఆఫర్ ఉంటుందిలెండి అంకుల్."

"ఆఫర్ లేకపోతే?"

నవ్వాడు. "అప్పటికి మీకే అలవాటైపోతుంది."

అంత ఉన్నదున్నట్టు మాట్లాడే సేల్స్ కుర్రాణ్ణి నేను చూడలేదు. టీ తాగించి పంపాను. కానీ ఆ మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. ఈ ఉత్తరం అందుకే.

నా కోరిక మీకు విడ్డూరంగా ఉండొచ్చు. మీ సాఫ్ట్‌వేర్ నాకు ఫ్రీగా ఇవ్వకండి. అమ్మండి. పక్క జిరాక్స్ షాపాయన ఈ మాట విని, "ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రోజుల్లో నువ్వొక్కడివి డబ్బులు కడతానంటావేంటి గురూ" అని నవ్వాడు. నవ్వనివ్వండి. ఆయన కంప్యూటర్లలో ఎన్ని 'ఏడాది ఫ్రీ'లు గడువు దాటిపోయి ఎర్ర అక్షరాలతో అరుస్తున్నాయో నాకు తెలుసు.

మా షాపుకి ఫిషింగ్ హార్బర్ నుంచి, పెదజాలరిపేట నుంచి చాలామంది వస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ప్రభుత్వమిచ్చే భృతికి దరఖాస్తులు, బోటు కాగితాలు, పేర్లలో తప్పులు దిద్దమని అర్జీలు. అలా పరిచయమైన ఒక బోటు ఓనరు ఒకసారి తన లెక్క చెప్పాడు. బోటు దించాలంటే డీజిలు కావాలి, ఐసు కావాలి, మనుషులకి ముందు డబ్బులివ్వాలి. చేతిలో లేనప్పుడు చేపలు కొనే వ్యాపారే పెట్టుబడి పెడతాడు. వడ్డీ ఎంతని అడిగాను. "వడ్డీ నేదు గురువుగారూ. పైసా నేదు. కాపోతే పడ్డ సేప ఆడికే ఎయ్యాల. రేటు ఆడు సెప్పిందే."

మీ కుర్రాడు వెళ్లిపోయాక నాకు గుర్తొచ్చింది ఆ బోటు ఓనరే. మీరూ వడ్డీ అడగరు. మీ లెక్కలో చేపలు నా ఫైళ్లు. పాతికేళ్ల అద్దె అగ్రిమెంట్లు, వీలునామా చిత్తుప్రతులు, అర్జీలు, శుభలేఖలు, రెండు మూడు కాలనీ సంఘాల జమాఖర్చులు, ఎవరికి ఏ లెటర్‌హెడ్డో, ఎవరి ఇంటిపేరు ఎలా రాయాలో, అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఏడాదిపాటు అవన్నీ మీ దగ్గర పోశాక, రెండో ఏడు మీరు చెప్పిందే రేటు. కట్టకపోతే చూసుకోవచ్చు, దిద్దుకోవడానికి ఉండదు. అద్దె అగ్రిమెంటు చూసుకుని ఏం చేసుకుంటాను? తారీఖు మార్చాలి, పదకొండు నెలలకోసారి.

ఇది నా అనుమానమనుకోకండి, జరిగిన సంగతులే చెప్తాను. సొంత డొమైన్ పేరుతో మెయిలూ మిగతావీ వాడుకోమని గూగుల్ 2006లో చిన్న సంస్థలకి ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2012 డిసెంబరులో కొత్తవాళ్లకి ఆపేసింది. పాతవాళ్లు హాయిగా వాడుకుంటూ ఉంటే 2022 జనవరిలో, ఇకమీదట డబ్బు కట్టాల్సిందే అంది. గోల గోల అయ్యాక సొంత పనులకి వాడుకునేవాళ్లని వదిలిపెట్టింది, వ్యాపారులని మాత్రం కట్టమంది. యూనివర్సిటీలకి ఎంతైనా దాచుకోండి అని ఇచ్చిన స్టోరేజికి కూడా 2021లో, సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లే అని గీత గీసింది. అదే ఏడాది జూన్ నుంచి మనం ఫోన్లో తీసి గూగుల్ ఫోటోస్‌లో దాచే ఫోటోలన్నీ, అకౌంటుకి ఫ్రీగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకి వచ్చి చేరాయి. అప్పట్నుంచి వారానికొకరైనా మా షాపుకొచ్చి, "మెయిల్ రావట్లేదండీ, స్టోరేజి ఫుల్ అంటోంది" అని టెన్షన్ పడుతుంటారు. చూస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటోలు నాలుగు వేలు.

గూగుల్ చేసింది నేరమని నేననడం లేదు. వాళ్ల డాక్స్ సొంత అకౌంట్ ఉన్నవాళ్లకి ఈరోజుకీ ఫ్రీయే, నేనూ వాడతాను. అసలు సర్వర్లు ఊరికే తిరగవు. అదే గూగుల్ మా విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు ఇప్పుడు ఢిల్లీ దాకా తెలుసు. గిగావాట్ స్థాయి డేటా సెంటర్ అంటున్నారు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ పక్కన సింహాద్రి ఎన్టీపీసీ కరెంటు కేంద్రం నాలుగు యూనిట్లూ కలిపితే 2,000. అందులో సగమంత కరెంటు తాగే వ్యాపారంలో 'ఊరికే' అన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. నా వంతు ఎంతో ముందే చెప్పేస్తే సరిపోతుంది కదా.

విద్యార్థుల సంగతి కూడా చెప్పాలి. కాలేజీ మెయిల్ ఉంటే చదువుకున్నన్నాళ్లూ ఫ్రీ అని మీలో చాలామంది ఇస్తున్నారు. మంచిదే. కానీ ఒక మే నెల సాయంత్రం ఇంజినీరింగ్ అయిపోయిన కుర్రాడొకడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున ఇంటర్వ్యూ. రెజ్యూమె, ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ కాలేజీ అకౌంట్‌లో ఉన్నాయి. కాలేజీవాళ్లు ఆ వారమే ఆ అకౌంట్లు మూసేశారు. తప్పు మీదా కాలేజీదా నాకు తెలియదు, ఎవరి పేరూ నేనెత్తను. ముందే కాపీ పెట్టుకోవాలని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని ఇద్దరం కలిసి రెజ్యూమె మళ్లీ మొదట్నుంచి కొట్టాం. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఉద్యోగం వచ్చిందో లేదో మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. రోజూ మా షాపుకొచ్చే పెద్ద లాయరుగారు ఒకరున్నారు. ఆయన కంప్యూటర్ ముట్టుకోరు. నోటితో చెప్తారు, నేను కొడతాను. మీ కుర్రాడి కథ చెప్తే కళ్లజోడు తీసి, "ఫ్రీగా తీసుకుంటే నువ్వసలు వినియోగదారుడివే కావయ్యా" అన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడంటే ప్రతిఫలం ఇచ్చి వస్తువు కొన్నవాడు, సేవ పొందినవాడు. ఊరికే చేసే సేవ 'సేవ' కిందకి రాదని ఆ చట్టంలోనే రాసి ఉంది. అంటే మీరు ఫ్రీగా ఇచ్చింది ఒక రాత్రి మాయమైపోయి, దాంతోపాటు నా ఫైళ్లు పోతే, కన్స్యూమర్ కమిషన్ మెట్లెక్కి ఏమని చెప్పుకోను? నేను మీ దగ్గర ఏమీ కొనలేదాయె.

మరి డబ్బు పెట్టి కొంటే? వ్యాపారం కోసం కొన్నవాళ్లు మామూలుగా వినియోగదారుల లెక్కలోకి రారు. కానీ పొట్టపోసుకోవడానికి సొంతంగా పనిచేసుకునేవాడికి మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు గురించి విడమరచి చెప్పింది. అందుకు తీసుకున్న ఉదాహరణల్లో ఒకటేమిటో తెలుసా? టైపు మిషను. మిషను కొని, దాని మీద తానే కూర్చుని పరులకి టైపు చేసిపెట్టి బతికేవాడు వినియోగదారుడేనని చెప్పింది కోర్టు. ఇన్ని వేల అర్జీలు కొట్టాను గానీ, నా గురించి సుప్రీంకోర్టు తీర్పులో ఉందని నాకిన్నేళ్లూ తెలియదు. ఆరోజు లాయరుగారి దగ్గర టైపింగ్ డబ్బులు తీసుకోలేదు. (మర్నాడు తీసుకున్నాను.)

సాఫ్ట్‌వేర్ చేతికి తగలదు కదా, అది సరుకెలా అవుతుందని కూడా అడిగాను. అదీ తేలిపోయిందట. 2004లో టీసీఎస్‌కీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య అమ్మకం పన్ను కేసులో, సీడీలో పెట్టి అందరికీ అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు మీరు సీడీలు మానేసి నెలవారీ చందాల్లోకి వెళ్లిపోయారు, అది సరుకో సేవో లాయర్లు తేల్చుకుంటారు. నాకు కావలసింది ఒక్క బిల్లు, దాని మీద నా పేరు, ఒక అంకె. అంకె సున్నా కాకుండా ఉండాలి.

బిల్లుంటే ఏమొరుగుతుందంటారా? ఆస్ట్రేలియా చూడండి. మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు చందాలో ఏఐని కలిపి రేటు పెంచింది. ఏఐ లేని పాత రేటు ప్లాను ఉన్న సంగతి కస్టమర్లకి సరిగా చెప్పలేదంటూ అక్కడి వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. దాదాపు 27 లక్షల మంది తరఫున. వాళ్లంతా డబ్బు కట్టినవాళ్లు కాబట్టి అడగడానికి ఒక దిక్కుంది.

ఇక నా తప్పు కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఈ ఉత్తరం రాసే మొహం నాకు లేదు. నేను మొదటి కంప్యూటర్ కొన్నది 1999లో. అసెంబుల్ చేసినతను "అన్నీ లోడ్ చేసి ఇస్తాను సార్, కీ బోర్డు ముందు కూర్చోడమే మీ పని" అన్నాడు. 'అన్నీ' అంటే దొంగ కాపీలు. పదేళ్లపాటు నా షాపు వాటి మీదే నడిచింది. విండోసు దొంగదే, ఆఫీసు దొంగదే, తెలుగు ఫాంట్లు కూడా. ఆ ఫాంట్లు గీసినవాళ్లు మనవాళ్లేనని, వాళ్లకి నేను పైసా ఇవ్వలేదని అప్పట్లో తట్టనే లేదు. ఒక ఎండాకాలం ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ వచ్చింది. దొంగ కాపీలకి అప్‌డేట్లుండవు కదా, మూడు కంప్యూటర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక కాలనీ సంఘం ఏడాది లెక్కలు పోయాయి. ఆ ప్రెసిడెంటుగారు నన్నేమీ అనలేదు, కానీ మళ్లీ నా షాపు గుమ్మం తొక్కలేదు. ఆ తర్వాత అప్పు చేసి రెండు లైసెన్సులు కొన్నాను. ఆ బిల్లు ఇప్పటికీ ఫైల్లో ఉంది.

అప్పుడు నాకర్థమైందేమిటంటే, ఆ దొంగ కాపీ కూడా మీరిచ్చిన ఫ్రీయే. మీకు తెలియక జరిగింది కాదు. 1976 ఫిబ్రవరిలో, ఇరవై ఏళ్ల వయసులో, బిల్ గేట్స్ కూడా ఇలాగే ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం తాము తయారుచేసిన బేసిక్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఔత్సాహికులంతా కాపీలు కొట్టుకుంటున్నారని, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారని దాని సారాంశం. చదివించుకుని విన్నాను. ప్రతి మాటా న్యాయమే అనిపించింది. అదే మనిషి 1998లో చైనా గురించి మాట్లాడుతూ, వాళ్లెలాగూ దొంగిలిస్తారు గనుక మాది దొంగిలిస్తేనే మంచిది, అలవాటు పడతారు, డబ్బు ఎలా వసూలు చేయాలో తర్వాత చూసుకుంటాం అన్న అర్థంలో మాట్లాడాడు. మీ కుర్రాడు నాతో అన్న మాట ఇదే. అతనికి ట్రైనింగులో చెప్పారో, సొంతంగా తట్టిందో.

నేను 1976 నాటి గేట్స్ పక్షం.

రెమింగ్టన్ సంగతి చెప్తానన్నాను. తెలుగు కీబోర్డు మిషను, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను ఎలా వచ్చిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాలు అగ్గిపుల్లల్లా పడిపోయాయి, కైలాసగిరి బోడి కొండ అయిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ మాట ఎత్తేవాడే లేడు. షాపు షట్టరు సగం వంగిపోయి ఉంటే ఎత్తుకుని లోపలికెళ్లాను. కంప్యూటర్లు నాలుగూ దిష్టిబొమ్మల్లా కూర్చున్నాయి. బయట జనం. ఇంటి పైకప్పులు పోయినవాళ్లు, బోట్లు పగిలినవాళ్లు, నష్టపరిహారానికి అర్జీ రాయించుకోవాలని. గుడ్డ తీసి, రెండు చుక్కలు నూనె వేసి, ఎండిపోయిన రిబ్బను తిప్పి పెట్టి మొదలుపెట్టాను. కార్బన్ పేపర్లు పెట్టి ఒక్కోటీ మూడు కాపీలు. సాయంత్రం కొవ్వొత్తి వెలుగులో కొట్టాను. వేళ్లు వాచిపోయాయి. ఆ మిషను నన్ను పాస్‌వర్డ్ అడగలేదు, మీ గడువు ముగిసింది అనలేదు.

మీరు ఫ్రీగా ఇచ్చేవి ఎక్కువగా నెట్ మీద ఆధారపడినవే. సముద్రం ఒడ్డున ఉండే ఊరు మాది. మీ పెద్ద సర్వర్లు మా పక్కనే పెట్టినా, తుఫానొస్తే మా వీధికి నెట్ ఎప్పుడొస్తుందో మీకూ తెలియదు. డబ్బు పెట్టి కొన్న పాత సాఫ్ట్‌వేర్ మాత్రం జనరేటర్ తెస్తే నడుస్తుంది. శుభలేఖలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని చేసిన కంపెనీ దాన్ని వదిలేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా మా ఊళ్లో ఈరోజుకీ ఎన్ని పెళ్లిళ్లు దాంట్లోంచే జరుగుతున్నాయో!

"అలాగైతే లిబ్రెఆఫీస్ వాడుకోవచ్చుగా, అది ఫ్రీయే" అంటారు మీలో కొందరు. వాడుతున్నాను. నాలుగింట్లో రెండు కంప్యూటర్లలో అదే. మీరిచ్చే ఫ్రీకీ దానికీ తేడా ఏమిటో మా మేనల్లుడు చెప్పాడు. దాని పుట్టుక స్టార్‌ఆఫీస్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్. 1999లో సన్ కంపెనీ ఆ కంపెనీని కొని, మరుసటేడాది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, అందరికీ తెరిచిపెట్టింది. 2010లో ఒరాకిల్ సన్‌ని కొనేసింది. కొత్త యజమాని తీరు నచ్చని ప్రోగ్రామర్లు అదే ఏడాది ఆ కోడ్ పట్టుకుని బయటకొచ్చి, లిబ్రెఆఫీస్ అని వేరే పేరు పెట్టుకుని నడిపించుకుంటున్నారు. యజమాని మారాడు, మనసు మారింది, కానీ ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు. కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు ఏళ్ల తరబడి ఇలాంటివాటి మీదే నేర్చుకుంటున్నారు. మన గురజాడ, గిడుగు పేర్లతో వచ్చిన యూనికోడ్ ఫాంట్లు కూడా అలా ఇచ్చినవే, ఎవడూ తిరిగి అడగలేడు. మీరు అలా ఇస్తానంటే నేను ఈ ఉత్తరం చింపేసి మీ కాళ్లకి దణ్ణం పెడతాను. అలా ఇవ్వలేనప్పుడు అమ్మండి. మధ్యలో ఈ ఏడాది ఫ్రీ, ఆర్నెల్లు ఫ్రీ, కాలేజీలో ఉన్నన్నాళ్లు ఫ్రీ, వీటితోనే నాకు పేచీ.

లిబ్రెఆఫీస్‌తో ఇబ్బంది లేదని అబద్ధమాడను. పైనుంచి వచ్చే ఫారాలన్నీ వర్డ్‌లో వస్తాయి. ఇందులో తెరిస్తే గళ్లు పక్కకి జరిగిపోతాయి, తెలుగు ఒత్తులు ఒక్కోసారి ఊడిపోతాయి. 'క్ష' ఏమవుతుందో ఆ దేవుడికే ఎరుక.

ఇంకో సంగతి మీకంటే మీ పోటీదారులకి ఎక్కువ పనికొస్తుంది. చెన్నై కంపెనీ జోహో 2005లోనే రైటర్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం మెయిలు కూడా ఇప్పుడు వాళ్ల దగ్గరే నడుస్తోంది. వాళ్లు నిలదొక్కుకున్నారు, సంతోషం. కానీ రేపు మా మధురవాడలో నలుగురు కుర్రాళ్లు తెలుగులో చక్కగా పనిచేసే టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి చేసి నెలకి యాభై రూపాయలకి అమ్ముదామనుకుంటే? పక్కనే కొండంత కంపెనీ 'ఫ్రీ' బోర్డు పెట్టుకుని కూర్చుంటే వాళ్ల దగ్గర ఎవరు కొంటారు? రెండేళ్లకి ఆ కుర్రాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. మూడో ఏడు మీ బోర్డు మీద 'ఫ్రీ' చెరిగిపోతుంది. పూర్ణామార్కెట్‌లో ఏ కూరగాయల కొట్టాయన్ని అడిగినా ఈ కిటుకు చెప్తాడు.

99 పైసల సంగతి రాకుండా ఈ ఊళ్లో ఐటీ గురించి ఉత్తరం పూర్తవదు. రుషికొండలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకే ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో మన మంత్రివర్గం నిర్ణయించింది. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కి కూడా అదే రేటు. టీ కొట్టు దగ్గర అందరూ "ఫ్రీగా ఇచ్చేశారు" అంటారు. నాకు మాత్రం ఆ 99 పైసలే ముఖ్యం. ఎందుకు ఊరికే అని రాయలేదు? కాగితం మీద ఒక అంకె పడితే అది ఒప్పందం అవుతుంది. ఇన్ని ఉద్యోగాలివ్వాలి, ఇంత పెట్టుబడి పెట్టాలి అని షరతు పెట్టొచ్చు. టీసీఎస్ 12,000 ఉద్యోగాలన్నది. రేపు రాకపోతే ఆ కాగితం చూపించి అడగొచ్చు. అడుగుతారా లేదా అన్నది వేరే విషయం, అర్జీ కొట్టాల్సి వస్తే నా షాపు ఉండనే ఉంది. మీకు భూమి కావలసి వచ్చినప్పుడు ఒక రేటు, ఒక కాగితం ఉన్నాయి. నాకు సాఫ్ట్‌వేర్ కావలసినప్పుడు కూడా అదే పద్ధతి పెట్టండి.

నా రేటు నేనే చెప్తాను. తెలుగు పేజీ టైపింగ్‌కి 40 రూపాయలు తీసుకుంటాను. పింఛను అర్జీలకి, ముసలివాళ్లకి 20. ఒక కంప్యూటర్ మీద మీ సాఫ్ట్‌వేర్‌కి నెలకి మూడు పేజీల డబ్బు ఇవ్వగలను, అంటే 120. ఐదేళ్లకి లెక్కేస్తే 7,200. మీ 18 శాతం జీఎస్టీ కూడా అందులోనే కలుపుకోండి. ఒకేసారి కట్టేస్తాను, కావాలంటే చిట్టీ పాడి అయినా కడతాను. ఐదేళ్లు నెట్ లేకపోయినా నడవాలి. ఐదేళ్లయ్యాక కొత్త హంగులు ఆపేసుకోండి, ఆ ఏఐ కూడా మీరే ఉంచుకోండి, నా అర్జీలకి దాని భాష పనికిరాదు. ఇప్పటికే చేసిన ఫైళ్లు తెరుచుకుని, దిద్దుకుని, వేరే దాంట్లోకి మార్చుకునే వీలు మాత్రం తీయకండి. తెలుగులో ఒత్తులు సరిగా పడాలి. ఫోన్ చేస్తే తెలుగు వచ్చిన మనిషి ఎత్తాలి. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే ఆవిడ వద్దు.

ఇంత చిన్న రేటుకి మీకేం గిట్టుతుందని అడగొచ్చు. ఒక్క కలెక్టరాఫీసు చుట్టూనే నాలాంటి షాపులు ఎన్నున్నాయో, సోమవారం గ్రీవెన్స్ రోజున వచ్చి నిలబడి లెక్కపెట్టుకోండి. వాళ్లలో చాలామంది ఇప్పుడు మీకు ఇస్తున్నది సున్నా. దొంగ కాపీల్లోనే ఉన్నారు. అందే రేటు పెడితే కొంటారా అంటే, అందరూ కొనరు. నేను కొంటాను, నా మేనల్లుడు రేపు వేరే షాపు పెడితే కొంటాడు. జిరాక్స్ షాపాయన చివర్లో కొంటాడు, వైరస్ వచ్చాక.

మీ కుర్రాడి కార్డు నా కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాను. రేటు కాగితం పట్టుకుని మళ్లీ రమ్మనండి. సోమవారం మాత్రం వద్దు, గ్రీవెన్స్ జనంతో ఊపిరాడదు. మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక అయితే ఖాళీగానే ఉంటాను. టీ నేనే ఇప్పిస్తాను.

ఇట్లు,
మహారాణిపేట టైపిస్టు,
విశాఖపట్నం.